కోసిన కడియాలు

ప్రిస్కిల్లా ఒంటి మీద నగ ఉండదు. బాప్తిస్మం తీసుకున్న ముత్తవ్వ నాటి నుంచీ వాళ్లింట్లో ఆడవాళ్లెవరూ పెట్టుకోలేదు. అందుకేనేమో, నగలు చూడటమంటే ఆమెకు చెప్పలేనంత పిచ్చి. కరీంనగర్‌లో నర్సింగ్ పాఠాలు చెప్పే ఆమెను ట్రైనింగుకని ఇంగ్లండ్ పంపితే, సెలవు రోజుల్లో తోటివాళ్లు దుకాణాలు తిరిగారు, ఆమె మ్యూజియాలు తిరిగింది. రాణుల హారాలు, ఈజిప్టు పూసలు, మొగలుల పచ్చలు కళ్లార్పకుండా చూసింది.

ఒక చిన్న ఊరి మ్యూజియంలో, మేడ మీద మూలన, వెండి కడియాలు కనిపించాయి. తమవైపు కడియాలే. కింద అచ్చు వేసి ఉంది: 'గోదావరి ఒడ్డు పల్లెల స్త్రీలు క్రైస్తవులైనప్పుడు సంతోషంగా వదులుకున్న ఆభరణాలు. ఒక మిషనరీ కుటుంబం కానుక.'

వాటిలో కొన్ని ఉలితో కోసి ఉన్నాయి.

ప్రిస్కిల్లాకు ఒళ్లు మండిపోయింది. ముత్తవ్వ ఐలవ్వకు చిన్ననాడు కాళ్లకు తొడిగిన కడియాలు ఊడి రాకపోతే, బాప్తిస్మం రోజున కాలు బండ మీద పెట్టించి కోయించారు. ఉలి జారి మడమ నరం తెగింది. ఆ వెండి అమ్మి ఊరికి దవాఖాన కట్టిస్తామన్నాడు మిషనరీ దొర. ఐలవ్వ చచ్చేదాకా కుంటింది. దవాఖాన రానే లేదు.

ఇవి ఐలవ్వవో, ఇంకెవరివో తెలియదు. కాపలా ఆయనను పిలిచి, సంతోషంగా ఇచ్చినవైతే కోయడమెందుకని అడిగింది. ఆయన మర్యాదగా అద్దం మీంచి చెయ్యి తీయమన్నాడు. ఆమె తీయలేదు. చివరికి మరో ఇద్దరు వచ్చి బయటికి పంపించారు.

తిరిగి వచ్చాక, తల్లి రిబ్కమ్మ ఉండే మందమర్రి చర్చిలో సాక్ష్యం చెప్పమని పాస్టర్ ఎబినేజర్ కోరాడు. దేవుడు చేసిన మేలు నాలుగు మాటల్లో చెబితే చాలన్నాడు. ప్రిస్కిల్లా మ్యూజియం సంగతంతా చెప్పింది. సగంలోనే ఆయన మైకు అందుకున్నాడు.

"పెద్దలను తప్పుబట్టద్దు బిడ్డా. వాళ్లు రాకపోతే నీకు గీ సదువెక్కడిది?"

"సదువు ఇచ్చిండ్రని కాలు కోసుడు ఒప్పైతదా అయ్యగారూ?"

ఆయన పాట ఎత్తుకున్నాడు. సంఘం గొంతు కలిపింది. అప్పుడు, ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పని రిబ్కమ్మ ఆడవాళ్ల వరుసలోంచి లేచింది.

"పాట ఆపుండ్రి. గా కాలికి నూనె రాసింది నేను. మా అమ్మమ్మ సంతోషంగ ఇయ్యలే."

పాట ఆగింది. కొందరు విసుగ్గా లేచి వెళ్లిపోయారు. బయట చెప్పుల దగ్గర, వచ్చే ఆదివారం రాకపోయినా ఫరవాలేదని ఒక పెద్దమనిషి రిబ్కమ్మతో అన్నాడు. వస్తానని ఆమె జవాబిచ్చింది.

ఆ వారమే ప్రిస్కిల్లా తల్లి మాటలను ఫోన్‌లో రికార్డు చేసి, అనువాదంతో మ్యూజియానికి పంపింది. ఆ రాత తీసేసి నిజం రాయమంది. మ్యూజియం నుంచి తియ్యటి జవాబు వచ్చింది: మీ మనోభావాలను గౌరవిస్తాం, గదిని మళ్లీ అమర్చేటప్పుడు పరిశీలిస్తాం.

ప్రిస్కిల్లా దాన్ని తల్లికి చదివి వినిపించింది.

"ఎప్పుడు మారుస్తరట?" అడిగింది రిబ్కమ్మ.

"చెప్పలే."

"అయితె మళ్ల రాయి. ఈసారి దవాఖాన ముచ్చట సుత అడుగు."

ప్రిస్కిల్లా పళ్లు బిగపట్టి రాయడం మొదలుపెట్టింది.