ఇల్లాలు తాగిన కషాయం

పొద్దున్నే ఆ వైద్యుడి ఇంటి ముందరి మందుల షాపు దగ్గర జనం పోగయ్యేవారు. ఆయాసంతో ఎగపోసుకునేవాళ్లు, దగ్గి దగ్గి డొక్కలు పట్టేసినవాళ్లు, పిల్లల్ని భుజాన వేసుకొచ్చిన తల్లులు.

"ఈ కషాయం పిల్లకి పడుతుందాండీ?" అని ఒక తల్లి సందేహించింది.

వైద్యుడు లోపలికి కేకేశాడు. "ఏమే, ఇలా రా!"

తడి చేతులు తుడుచుకుంటూ భార్య వచ్చింది. అందరూ చూస్తుండగా గ్లాసుడు కషాయం గటగటా తాగింది. రోజూ ఉన్న పనే అది.

"చూశారుగా! పడనిదైతే కట్టుకున్నదానికి పోస్తానా?"

జనం నవ్వారు. ఆ తల్లి కూడా నవ్వి సీసా పట్టుకెళ్లింది. మొగుడు పెళ్లానికి మందు పోస్తే ఎవరైనా ప్రేమే అనుకుంటారు కదా!

వైద్యుడి తండ్రి కాలంలో ఆ కషాయం దగ్గుకి మంచిదైన అడ్డసరం ఆకుతో కాచేవారు. పొలాలన్నీ ఇళ్లయిపోయాక ఆ ఆకు దొరకడం గగనమైంది. ఆ తల్లి రావడానికి రెండు రోజుల ముందే వైద్యుడు మురుగుకాలవ గట్టునుంచి బస్తాడు ఆకు తెచ్చి వంటింట్లో కుమ్మరించాడు.

"ఇది ఉమ్మెత్త కదండీ!" అంది భార్య.

"అయితే ఏం? వంకాయ, టమాటా, మిరప, ఇదీ అన్నీ ఒకే కుటుంబం. వంకాయ తిని చచ్చినవాడున్నాడా? పాతకాలం వైద్యులు ఆయాసానికి దీన్నే వాడారు."

"వాళ్లు ఎంత వాడారో, ఎలా వాడారో మనకేం తెలుసండీ? ఆకు దొరకలేదని చెప్పేస్తే పోలా?"

"నోరు మూసుకుని నూరు."

నూరింది. అత్తగారు కూడా కొడుకువైపే మాట్లాడింది.

రోజూ ఆ కషాయం తాగుతుంటే మొదట భార్యకి నోరెండిపోయింది. తర్వాత చూపు అలుక్కుపోయింది, గుండె దడదడలాడింది. చివరికి గోడమీద లేని చీమల్ని ఏరడం, ఎప్పుడో పోయిన తల్లితో కబుర్లాడటం మొదలుపెట్టింది.

"నీ పెళ్లానికి పిచ్చెక్కిందిరా" అంది అత్తగారు.

వైద్యుడు భార్య కళ్లలోకి చూశాడు. నల్లగుడ్లు విప్పారి ఉన్నాయి. అతనికి సంగతి అర్థమైంది. అర్థమైందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆకుల బస్తాలుండే గదిలోకి ఆవిణ్ణి తోసి బయట గొళ్లెం పెట్టాడు.

గదిలోకి అన్నం వచ్చేది, కషాయం రాలేదు. మెల్లగా చీమలు మాయమయ్యాయి. తల్లి గొంతు ఆగిపోయింది. చుట్టూ ఉన్న బస్తాలు బస్తాల్లాగే కనబడ్డాయి. కషాయం ఆగాక మతి కుదుటపడిందంటే, ఇన్నాళ్లూ తన మతి పోగొట్టింది ఏమిటో ఆవిడకి తెలిసిపోయింది.

అప్పుడే తలుపవతల మొగుడి గొంతు వినబడింది. తమ్ముడి భార్యని పిలుస్తున్నాడు. "అమ్మాయ్, మీ అక్కకి ఒంట్లో బాగాలేదు. నువ్వొచ్చి తాగి చూపించు."

ఆవిడ రెండు చేతులా తలుపు బాదింది. "తాగకే చెల్లీ! అది ఉమ్మెత్తే! అయ్యా, మీరూ కొనకండి!"

"పిచ్చిది. పట్టించుకోకండి" అన్నాడు వైద్యుడు. జనం మళ్లీ నవ్వారు. చిన్నకోడలు బావగారి మొహం చూసి గ్లాసు ఎత్తింది.

జనాన్ని తోసుకుంటూ ఒక మనిషి వచ్చి ఆ గ్లాసు లాక్కుని నేలకేసి కొట్టింది. ఆనాడు సందేహించిన తల్లే.

"నా పిల్ల పోయింది! ఒళ్లంతా విషమన్నారు ఆసుపత్రిలో! రోజూ తాగే ఆ మహాతల్లి ఏదీ?" అంటూ, చప్పుడు వస్తున్న తలుపు గొళ్లెం లాగేసింది.

ఇద్దరూ ఎదురుపడ్డారు.

"నువ్వు తాగావు కదమ్మా! నా కళ్లారా చూశాను. నువ్వు తాగావనే నా పిల్లకి పోశాను."

వైద్యుడు పెరటి తలుపు తీసి పారిపోబోతే జనమే పట్టుకున్నారు. అతన్ని కొట్టినా, కట్టేసినా ఆ పిల్ల తిరిగి రాదు. ఇంటావిడ ఆ తల్లి కాళ్ల దగ్గర కూలబడి, అక్కణ్ణించే అందరివైపూ తిరిగింది.

"చెట్లకీ కుటుంబాలుంటాయి. ఒకే కుటుంబంలో ఒకటి కడుపు నింపుతుంది, ఇంకొకటి ప్రాణం తీస్తుంది. తెలిసీ నూరాను, భయపడి తాగాను. నా భయం చూసి మీరు ధైర్యం తెచ్చుకున్నారు. ఇకమీదట ఎవరు తాగారని కాదు, అందులో ఏముందని అడగండి. చెప్పనివాడు కట్టుకున్న మొగుడైనా సరే, వాడి చేతి మందు ముట్టకండి."