మీట వదిలితేనే వినపడేది

తుఫాను దాటిన మర్నాటికి ఊళ్లో ఫోన్లన్నీ మూగబోయాయి. సముద్రం అడుగున కేబులు తెగిందనీ, టవర్లు కూలాయనీ జనం చెప్పుకున్నారు. నీళ్ల పంపుహౌసులో పనిచేసే చెల్లెలికి మాత్రం మాట్లాడటానికి ఒక దారి మిగిలింది. గోడకు బిగించిన పాత వైర్‌లెస్ సెట్టు. కారు బ్యాటరీ మీద నడుస్తుంది. అలాంటిదే ఆసుపత్రిలో ఒకటి, ఫైర్ స్టేషన్‌లో ఒకటి ఉన్నాయి. మూడింటికీ ఒకటే ఛానలు. ఒకరు మాట్లాడుతుంటే మిగతా ఇద్దరూ వినాల్సిందే; తన మాట అయిపోయిందని చెప్పడానికి చివర 'ఓవర్' అనాలి.

ఆసుపత్రి సెట్టు దగ్గర కూర్చునేది ఆమె సొంత అక్క. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఏడాదిగా వాళ్లిద్దరికీ మాటల్లేవు. అమ్మ మోకాలి ఆపరేషను అక్క ఒక్కతే నిర్ణయించి చేయించింది. కాలు సరిగా కుదరలేదు. "నీకేం తెలుసు" అని ఆవిడ, "నన్నడిగావా" అని ఈవిడ, మాటా మాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. అక్క నోరు తెరిస్తే చెల్లెలి మాట ఎప్పుడూ సగంలోనే తెగేది. అమ్మ అక్క దగ్గరే ఉంటోంది.

సెట్టు గరగరలాడింది. "పంపుహౌస్, ఇది ఆసుపత్రి. డయాలసిస్‌కి నీళ్లు అయిపోవస్తున్నాయి. ఎప్పుడు వదుల్తారు? ఓవర్."

ఆ గొంతులో చుట్టరికం ఛాయ కూడా లేదు. చెల్లెలూ ముక్తసరిగానే జవాబిచ్చింది. "ఒక పంపు బాగైంది. మధ్యాహ్నానికి వస్తాయి. ముందు మీ లైనుకే. ఓవర్."

"సరే. ఓవర్."

అక్కడితో ఆపేయవచ్చు. కానీ చెల్లెలి వేలు మైకు మీట మీదే ఉండిపోయింది. "అమ్మెలా ఉంది? ఓవర్."

"ఇల్లు కారుతోందని ఇక్కడికే తెచ్చేశాను. వార్డులో మంచం ఇచ్చారు. కాలు నొప్పంటోంది. దానికీ నన్నే అంటావేమో, అను. ఓవర్."

మీట నొక్కి పట్టుకున్నంతసేపు అవతలి మాట వినపడదు. చెల్లెలు నొక్కి పట్టుకుంది. "కాలు సంగతి కాదక్కా. ఆపరేషన్ రోజు నాకూ ఒక మాట చెప్పుంటే సెలవు పెట్టుకుని వచ్చేదాన్ని. అమ్మ పక్కన కూర్చునేదాన్ని. నా బాధ అంతే. నువ్వు ఎప్పుడైనా చెప్పనిస్తేగా." కాస్త ఆగి, గుర్తొచ్చి, "ఓవర్" అంది.

బదులు పలికింది అక్క కాదు, ఫైర్ స్టేషన్ ఆయన. "అమ్మా, ఇద్దరికీ దణ్ణం పెడతాను. చెట్టు కింద ఇరుక్కున్నవాళ్లకి అంబులెన్స్ కావాలి. కాస్త దారివ్వండి. ఓవర్."

చెల్లెలికి తల కొట్టేసినట్టయింది. అంబులెన్స్ మాటలు అయ్యేదాకా అటు తిరిగి వాల్వు బిగిస్తూ కూర్చుంది. ఆ తరవాత అక్క గొంతు వచ్చింది.

"పంపుహౌస్, విన్నాను. ఓవర్."



మర్నాడు పొద్దున అక్క మైకు అమ్మ చేతికిచ్చింది. ఆవిడ మీట వదలడం మరిచి, వార్డులో దోమల దగ్గర్నుంచి పక్క మంచం ఆవిడ గురక దాకా ఏకధాటిగా చెప్పుకుపోయింది. ఆపే దారి లేక ఫైర్ స్టేషన్ ఆయన కూడా బుద్ధిగా విన్నాడు.

ఫోన్లు బాగవడానికి రెండు వారాలు పట్టింది. బాగైన రోజే అక్క ఫోన్ చేసింది.

"గురువారం అమ్మ కాలు చూస్తారట. వస్తావా?"

"వస్తాను."

"ఆలస్యం చెయ్యకు. నీకది అలవాటు."

చెల్లెలు వెళ్లింది. మళ్లీ ఆపరేషను అక్కర్లేదనీ, రోజూ కాలు ఆడిస్తే చాలనీ డాక్టరు చెప్పాడు. బయటికొచ్చాక, మెట్ల దగ్గర ఎవరు ఏ పక్క పట్టుకోవాలో తేలక అక్కాచెల్లెళ్లు వాదనకు దిగారు. అమ్మ కాసేపు చూసి, గోడ పట్టుకుని తనే దిగిపోయింది.