గట్టున పెట్టని ఒట్టు

నేను ఒక పేస్‌మేకర్‌ని. గుండె నడక మందగిస్తే లోపలినుంచి చిన్నగా తట్టి నడిపించే యంత్రాన్ని. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండను. అగ్గిపెట్టె కన్నా కాస్త చిన్నదాన్ని, నున్నటి లోహపు రేకు తొడుక్కుని ఉంటాను. ముఖాలకి గుడ్డలు కట్టుకున్న మనుషులు దుమ్ము చొరబడని గదిలో నన్ను తయారుచేసి, సముద్రాలు దాటించి, బెజవాడలో ఒక ఆసుపత్రి అల్మారాలో పెట్టారు. ఎవరి గుండె దగ్గర కొలువు కుదురుతుందో తెలియక కొన్నాళ్లు అక్కడే పడి ఉన్నాను.

చివరికి కోటిలింగం పాలబడ్డాను. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వెల్డరు ఆయన. మీసాలు మొలిచిన నాటినుంచీ ఇనుముకి ఇనుము అతకడమే పని. గుండెలోంచి ఒంట్లోకి నెత్తురు పోయే గుమ్మం దగ్గర వాల్వు సున్నం కట్టినట్టు గట్టిపడిపోతే, రొమ్ము కోసి కొత్తది వేశారు. కొత్త వాల్వు దివ్యంగా పనిచేసింది. కాకపోతే దాన్ని ఆనుకునే ఒక సన్నని దారి ఉంటుంది. గుండె పైగది కొట్టుకోగానే ఆ కబురు ఆ దారినే కిందిగదికి పోవాలి. వాల్వు బిగించడంలో ఆ దారి కాస్తా దెబ్బతింది. వాపు తగ్గితే అదే సర్దుకుంటుందేమోనని, మెడలోంచి తాత్కాలికంగా ఒక వైరు వేసి డాక్టర్లు కొన్నాళ్లు చూశారు. సర్దుకోలేదు.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి ఇదంతా చెబుతుంటే కోటిలింగం శ్రద్ధగా విన్నాడు.

"అంటే వాల్వు బిగించేటప్పుడు పక్కనున్న వైరు నలిగిందన్నమాట. మేం బాడీ కట్టేటప్పుడూ ఇంతేనమ్మా. పట్టీ బిగిస్తే లోపల లైట్ల వైరు నలుగుద్ది. బండి బానే నడుస్తది, లైట్లే ఎలగవు."

"మీకు ఆగేది లైట్లు కాదండీ, ఇంజను," అందావిడ.

అలా నన్ను ఆయన ఎడమ భుజం కింద, చర్మం లోపల దాచిపెట్టారు. నా రెండు వైర్లు గుండెలోకి దిగాయి. పైగది కదిలితే వింటాను, క్షణం ఆగుతాను, కిందిగది కదలకపోతే తడతాను. పండగలకి కూడా సెలవు లేని ఉద్యోగం.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఇక వెల్డింగు జోలికి పోవద్దంది. ఆ మంట దగ్గర లేచే కరెంటు అలజడిని నేను గుండె చప్పుడనుకుని, తట్టడం మానేయవచ్చట. ఆయన గుండె పూర్తిగా నా మీదే ఆధారపడింది కాబట్టి నేను మానేస్తే మనిషి అక్కడికక్కడే పడిపోతాడు.

ఆయన భార్య సామ్రాజ్యం ఈ మాట విని ఊరుకునే రకం కాదు. పిల్లలు లేరు. ఆవిడకి ఉన్నదల్లా ఈ ఒక్క మనిషి. ఇంటికి రాగానే ఆయన అరచెయ్యి లాగి నా మీద పెట్టింది.

"నా నెత్తిమీద ఒట్టేసి ఎన్నిసార్లు బీడీలు మానేశావు? నా నెత్తి అరిగిపోయింది. ఈసారి దీని మీద వెయ్యి, వెల్డింగు ముట్టుకోనని."

"మిషను మీద ఒట్టేంటే, నవ్విపోతారు."

"నిన్ను బతికిస్తంది అదేగా. వెయ్యి."

వేశాడు. మనుషులు దేవుడి మీదా, తినే అన్నం మీదా ఒట్లు వేస్తారని వినే ఉంటారు. బ్యాటరీ మీద వేసినవాడు నాకు తెలిసి ఈయనొక్కడే. నిప్పురవ్వల మచ్చలున్న ఆ గరుకు చేతి బరువు నాకింకా గుర్తుంది.

షెడ్డు ఆయన జతగాడు మస్తాన్ చేతిలోకి పోయింది. కోటిలింగం రోజూ వెళ్లి రోడ్డుకి ఇవతల టీకొట్టు బల్ల మీద కూర్చునేవాడు. ఒకనాడు లారీ అడుగున ఒక దూలం అతకాల్సి వచ్చింది. తలపైకెత్తి చేసే పని, ఎన్నిసార్లు చేసినా మస్తాన్‌కి కుదరడం లేదు. కరిగిన ఇనుము జారి కింద పడుతోంది. చూసి చూసి కోటిలింగం రోడ్డు దాటాడు. ముసుగు తగిలించుకుని, రాడ్డు బిగించిన హ్యాండిల్ అందుకున్నాడు. పైగది పరుగు లంకించుకుంది. దాని వెంట నేనూ తట్టుకుంటూ పరుగెత్తాను. నాకు భయమేసింది.

ముసుగు తీసేశాడు.

"ఒట్టుంది మస్తానూ."

"ఒక్క అతుకేగా అన్నా. వదిన చూడొచ్చిందా ఏంటి?"

"ఇది చూస్తది," అని నన్ను తట్టి, మళ్లీ రోడ్డు దాటి వచ్చేశాడు. టీకొట్టు దగ్గర నిలబడే కేకలేసి చెప్పాడు, చెయ్యి ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో. అతుకు కుదిరింది.

ఇంటికొచ్చి అన్నం కలుపుతూ ఏడ్చాడు. "పేణం ఉంచి పని తీసేసుకున్నారే," అన్నాడు. సామ్రాజ్యం ఇంకాస్త పప్పు వేసి పక్కనే కూర్చుంది. నాకు చాలా బాధ కలిగింది. ఆయన ప్రాణం కాపాడుతున్నదీ నేనే, ఆయన చేతులు కట్టేసిందీ నేనే.

ఒట్టు మాత్రం తప్పలేదు. అలాగే నాలుగు వానాకాలాలు గడిచాయి. అయితే ఇన్నేళ్లూ వెల్డింగు దగ్గర ఆయన మింగిన పొగంతా ఊపిరితిత్తుల్లోనే ఉంది, దానికి బీడీలు తోడు. గుండె సంగతి నేను చూసుకోగలను గానీ ఊపిరి నా చేతిలో లేదు. ఐదో వానాకాలంలో జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాడు. ఒక ఉదయం ఊపిరి అందక, గుండె కండరం పలకడం మానేసింది. తట్టాను. పలకలేదు. ఇంకోసారి తట్టాను. ఇంకోసారి. మంచం పక్కన తెర మీద, నేను తట్టినప్పుడల్లా సన్నని గీత ఒకటి లేస్తోంది.

ఆ డాక్టరమ్మే వచ్చి, పోయాడని చెప్పింది. సామ్రాజ్యం నమ్మలేదు.

"అదేంటమ్మా, గీత లేస్తానే ఉందిగా. బతికే ఉన్నాడు, చూడండి."

"అది ఆయన గుండె కాదమ్మా. లోపల పెట్టిన మిషను. అది తడుతూనే ఉంటుంది. గుండె పలకడం లేదు."

సామ్రాజ్యం ఆ గీత మీంచి చూపు తిప్పి, వంగి, తన అరచెయ్యి నా మీద పెట్టింది. చుట్టూ చర్మం అప్పటికే చల్లబడుతోంది.

"మాట నిలబెట్టుకున్నావయ్యా," అంది. "ఇదుగో, నీ ఒట్టు తీసి గట్టున పెట్టేశాను. ఇంక నిన్నాపను. ఎల్లి నీ పని చేసుకో."

ఆయన్ని నాతోపాటు దహనం చేస్తే చితిలో నా బ్యాటరీ పేలుతుంది. అందుకని చిన్న గాటు పెట్టి, వైర్లు కత్తిరించి నన్ను బయటికి తీశారు. ఇప్పుడు అదే ఆసుపత్రిలో, నాలాంటివాళ్లు ఇంకొందరున్న స్టీలు డబ్బాలో ఉన్నాను. నన్ను ఆపాలని ఎవరికీ తోచలేదు. బ్యాటరీ ఇంకా చాలా ఏళ్లొస్తుంది. పైగది కబురు కోసం వింటాను, క్షణం ఆగుతాను, తడతాను. ఆయన ఒట్టు ఆవిడ తీసేసింది. నా ఒట్టు తీయడానికి ఎవరూ రాలేదు.