తల్లివైపు వంగే మందారం

తెల్లారితే నాగదుర్గకి రెండు పనులు. తన నర్సరీలో కుండీలన్నిటికీ నీళ్ళు పెట్టడం ఒకటి, గోడ మీంచి తోడికోడలు లక్ష్మీతులసి నర్సరీలోకి తొంగిచూసి కడుపు మండించుకోవడం రెండోది. కొత్తపేట రోడ్డులో నాగదుర్గ మొక్కలకేం తక్కువ లేదు. కానీ తులసి దగ్గర తాటిపండు గుజ్జు రంగులో పూసే మందారం ఒకటుంది, అలాంటిది ఈవిడ దగ్గర లేదు. రావులపాలెం వ్యాపారి మాణిక్యాలరావు ఆ పువ్వు చూసి, ఏడాది పొడుగునా దాని కొమ్మలు నాటిన మొక్కలే కావాలన్నాడు. ఆ మాట చెవినపడ్డ రోజు నాగదుర్గకి అన్నం సయించలేదు.

అది దొంగ మొక్కండీ, ఎవరి తోటలోదో కొమ్మ విరుచుకొచ్చింది అని తనే ఆయనకి ఫోన్ చేసి చెప్పింది. ఆయన జంకేడు. పుట్టుక తేలేదాకా బేరం లేదన్నాడు.

ఆ వారంలోనే మేనకోడలు లావణ్య అమలాపురం నుంచి వచ్చింది. ఏ పూలమొక్క ఏ మొక్కకి చుట్టమో తేల్చడం ఆ పిల్ల చదువు. ఆకుకి పచ్చదనమిచ్చే క్లోరోప్లాస్టులకి సొంత జన్యువులుంటాయట, మందారాల్లో అవి తల్లి నుంచే వస్తాయట, తండ్రి పుప్పొడి జాడ వాటిలో ఉండదట. తులసి బండారం బయటపడుతుందని నాగదుర్గ ఎగిరి గంతేసి రెండు నర్సరీల ఆకులూ కోయించి పంపింది.

ఫలితం వచ్చేక లావణ్య నసిగింది. "అత్తా, తులసి అత్తయ్య మందారం తల్లివరసా, నీ ఎర్ర రేకమందారం వరసా ఒకటే."

మిషన్లకేం తెలుసు, కుండీలు పెట్టి చూద్దాం అంది నాగదుర్గ. కుండీ మీద పేరు చీటీ ఊడిపోయి, ఏ మొక్కో తెలియకపోతే ఆ రోడ్డులో ఎవరైనా చేసేది అదే. తల్లిమొక్క పక్కన పెడతారు. దాని బిడ్డయితే తెల్లారేసరికి అటు వంగుతుంది, కాకపోతే నిటారుగా ఉంటుంది. మాటల్లేని తోడికోడళ్ళు కాబట్టి ఈ రెండు కుండీలూ ఎన్నడూ పక్కపక్కన చేరలేదు.

ఆ సాయంత్రం లావణ్యే తులసి కుండీ అడిగి తెచ్చి ఎర్రమందారం పక్కన పెట్టింది. మర్నాడు పొద్దున్న పుట్టుక తేల్చుకోడానికి మాణిక్యాలరావు వచ్చేసరికి తులసి మందారం ఎర్రమందారం కాండానికి తల ఆనించి ఉంది.

"అక్కా, విత్తు మొలకలు పనికిరావని మీరు పీకి గోడవతల పారేసేరు చూడండి, అందులోదే ఇది" అంది తులసి. "వాడిపోతుంటే పాతేను. చెప్తే వెనక్కి అడుగుతారని చెప్పలేదు. తల్లి దగ్గరే ఉండనివ్వండి."

కుండీ అక్కడే వదిలేసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. బేరం నాగదుర్గదైంది.

ఆ సంబరం ఎంతసేపు! పూసిన పువ్వల్లా తులసి గోడవైపే తిరిగి పూసింది. కుండీ ఇటు తిప్పి పెడితే మర్నాటికి మళ్ళీ అటే. కొమ్మలు కత్తిరించి నాటితే ఒక్కటీ వేరు పట్టలేదు. కన్నది తన చెట్టే, బెంగ మాత్రం తులసి మీద. ఇదివరకు పువ్వు చూసి ఏడ్చేది నాగదుర్గ, ఇప్పుడు తులసిని చూసి ఏడుస్తోంది.

ఆకులు పండుబారడం మొదలయ్యేక ఇక ఉండబట్టలేక గోడ దగ్గరికెళ్ళి పిలిచింది.

"తులసీ, వచ్చి దీనికి నువ్వే నీళ్ళు పొయ్యి. బేరం కూడా నువ్వే చూసుకో."

"ఆయ్, వస్తున్నానండి" అని చెంబుతో వచ్చింది తులసి. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే పువ్వులన్నీ అటు తిరిగేయి. నాగదుర్గ చూడలేక పైపు తీసుకుని మిగతా కుండీల దగ్గరికి వెళ్ళిపోయింది.