కొరకని గింజ

కస్టమ్స్ కాగితం మీద పన్నెండు సున్నా ఏడు పక్కన ఇరవై ఒకటి వేస్తే పత్తిగింజ పొలానికి పోతుంది, సుంకం ఉండదు. ఇరవై తొమ్మిది వేస్తే గానుగకు పోతుంది, సుంకం కట్టాలి. ఆ అంకె వేసేది చదువుకున్నవాళ్ళు. వేయించేవి నా పళ్ళు. పోర్ట్ సూడాన్‌లో గోదాముల వెంట తిరుగుతూ ఇరవై రెండేళ్ళు ఆ పనే చేశాను. నాలుగో తరగతిలో బడి మానేసినవాణ్ణి. అలాంటి నన్ను మెడకు టై కట్టుకున్నవాళ్ళు బస్తా ముందు నిలబెట్టి "ఏమంటావు ఓషేక్?" అని అడిగేవారు. ఆ మాట కోసమే బతికాననుకోండి.

అదేం పెద్ద విద్య కాదు. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీస్తాను. విత్తనమైతే నూగు తీసేసి, మందు కలిపిన ఎర్ర రంగు పట్టించి ఉంటుంది. కానీ రంగు ఎవడైనా పూయొచ్చు. అందుకని రంగు తుడిచి, పొట్టు వలిచి, పప్పును ముందుపళ్ళతో కొరికి నాలుక చివర ఆనించి ఉమ్మేస్తాను. చచ్చిన గింజను కత్తితో కోసినా తెల్లగానే కనబడొచ్చు. మక్కిన నూనె చేదు మాత్రం నాలుక దగ్గర దాగదు. నాకు అనుమానం తగిలితే మొలక పరీక్ష అంటూ సరుకు ఎనిమిది రోజులు ఆపుతారు. బాగుందన్నానా, ఆ సాయంత్రమే లారీలు గేటు దాటుతాయి.

ఆ ఏడు రంజాన్ జూన్ ఎండల్లో వచ్చింది. మేం బెజా తెగవాళ్ళం, తిండి లేకుండా రెండు రోజులుంటాం గానీ కాఫీ లేకుండా ఒక పూట ఉండలేం. తలలో ఎవడో మేకులు కొడుతున్నట్టుంటుంది. ఎనిమిది రోజులు ఓర్చుకున్నాను. తొమ్మిదో రోజు పొద్దున్నే పాడుబడ్డ క్రేన్ వెనక్కి పోయి, నాలుగు పుల్లలు రాజేసి, జబనా కూజాలో అల్లం దట్టించి కాఫీ కాచుకున్నాను. మాలో ఒక్క గిన్నెతో లేవకూడదు, మూడు తాగాలి. దొంగతనంగా తాగుతూ కూడా ఆ మర్యాద తప్పలేదు నేను.

అంతకు రెండు రోజుల ముందే తాహిర్ అనే హమాలీ కుళాయి దగ్గర గుక్కెడు నీళ్ళు తాగుతుంటే పట్టుకున్నాను.

"ఏరా తాహిర్! మా ఒంటె నీకంటే నయంరా. అది పది రోజులు ఆగుతుంది, నువ్వు మధ్యాహ్నం దాకా అయినా ఆగలేకపోయావా?"

హమాలీలంతా పగలబడి నవ్వారు. వాడు మూతి తుడుచుకుని బస్తా ఎత్తుకున్నాడు.

సరే, కాఫీ తాగొచ్చిన గంటకే నాలుగు కంటైనర్లు తెరిచారు. కాగితాల మీద విత్తనమని ఉంది. అంకె వేయాల్సిన ఆఫీసరు బుసైనా. ముప్పై నిండని పిల్ల, గెజీరాలో పత్తి పండించే ఊరి నుంచి వచ్చింది. మిగతావాళ్ళకు నేను ఓషేక్‌ని, ఆమెకొక్కదానికే బాబాయ్‌ని. ఆమెను మేమంతా ఉస్తాజా అంటాం, మేడమ్ అన్నట్టు.

"ఎలా ఉంది బాబాయ్?"

"రంగు బాగా పట్టింది ఉస్తాజా. చేతికి బరువుగానే ఉంది."

"కొరకలేదే?"

చుట్టూ హమాలీలు. తాహిర్ కూడా ఉన్నాడు.

"ఉపవాసం కదమ్మా. నోట్లో ఎలా పెట్టుకోను?"

సరుకు తెచ్చిన వ్యాపారి వెంటనే అందుకున్నాడు. "ధర్మాత్ముడు! ఆయన చెయ్యి చాలదా ఉస్తాజా? విత్తే రోజులు దాటిపోతున్నాయి. అక్కడ రైతులు దున్నుకుని కూర్చున్నారు."

బుసైనా నాకు దగ్గరగా వచ్చింది. ఏదో అడగబోయి ఆగింది.

"అనుమానమేం లేదు కదా బాబాయ్?"

ఉంది అంటే సరిపోయేది. ఎనిమిది రోజులు ఆగేది. కానీ ఎందుకు, ఏమిటి అని మాటలు పెరుగుతాయి, నోరు తెరవాలి, వాసన వస్తుంది. అదీ నా భయం.

"లేదు" అన్నాను, పెదవులు విప్పీ విప్పకుండా.

ఆమె ఇరవై ఒకటి వేసింది.

ఆగస్టులో ఒక రైతు బుసైనా ఆఫీసుకు వచ్చాడు. ఫద్లల్లా అని, గెజీరాలోనే హసహీసా దగ్గరి ఊరు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన మనిషి ఎవరినీ తిట్టలేదు. తలపాగా కొంగు విప్పి బల్ల మీద గుప్పెడు గింజలు పోశాడు. మట్టి అంటి ఉన్నాయి. ఎరుపు ఇంకా పోలేదు.

"భూమిలోంచి తవ్వి తెచ్చానమ్మా. రెండుసార్లు తడి పెట్టాం. మా కాలవ కింద ఒక్కడి చేలోనూ మొలక లేదు. వీటిని విత్తనమని ఎవరు చూశారు?"

నేను ఒక గింజ తీసి, మట్టి తుడిచి, వలిచి కొరికాను. ఇప్పుడు ఏ ఉపవాసమూ లేదు. చేదు గొంతు దాకా దిగింది. గానుగ సరుకు, అందులోనూ ఏళ్ళ నాటిది. ఒక్క కొరుకు. జూన్‌లో అయినా ఇంతే పట్టేది.

"నేనే చూశాను. అంకె వేసింది నేనే" అంది బుసైనా.

ఖార్తూమ్ నుంచి ముగ్గురు విచారణకు వచ్చారు. వ్యాపారి అప్పటికే దేశంలో లేడు. లావుపాటాయన నా వైపు తిరిగాడు.

"నువ్వు కొరికి చూస్తావని పేరటగా. ఆ రోజు ఏమైంది?"

నేను నోరు తెరిచేలోపే బుసైనా చెప్పింది. "రంజాన్ సార్. ఆయన ఉపవాసంలో ఉన్నారు. బలవంతం చేయలేకపోయాను."

ముగ్గురి ముఖాలూ మెత్తబడ్డాయి. "అల్లా నీ ఉపవాసం స్వీకరించుగాక" అన్నాడు లావుపాటాయన. నా నోటి నుంచి "ఆమీన్" వచ్చింది. ఎలా వచ్చిందో! ఇరవై రెండేళ్ళలో ఎంత చెత్త కొరికి ఉమ్మానో లెక్క లేదు, ఆ మాట మాత్రం ఇప్పటికీ నోట్లోనే ఉంది.

బుసైనా హోదా తగ్గించి వాదీ హల్ఫా సరిహద్దుకు పంపారు. బల్ల ఖాళీ చేస్తుంటే లోపలికి పోయాను.

"అమ్మా, ఆ రోజు నాకు ఉపవాసం లేదు. కాఫీ తాగి ఉన్నాను. ఖార్తూమ్ వెళ్ళి వాళ్ళకు చెబుతాను."

ఆమె ఫైలుకు తాడు కడుతూ తలెత్తలేదు.

"తెలుసు బాబాయ్. అల్లం వాసన వచ్చింది."

"మరి... అడగలేదేం?"

"హమాలీలంతా ఉన్నారు. అంతకు రెండు రోజుల ముందేగా తాహిర్‌ను అన్ని మాటలన్నారు. అందరి ముందూ మీ తల వంచడం ఇష్టం లేకపోయింది." ముడి బిగించింది. "ఎనిమిది రోజులు ఆపమని నేనైనా అనాల్సింది. మీ పరువు చూశాను గానీ మా ఊళ్ళ పొలాలు చూడలేదు. మీరు చెబితే మీ పేరూ పోతుంది, అంతే. నా సంతకం చెరగదు."

తిట్టి ఉంటే తల దించుకుని వచ్చేసేవాణ్ణి. ఆమె లేచి, వెళ్ళే ముందు ఎప్పటిలాగే "వస్తాను బాబాయ్" అంది.

ఆ మధ్యాహ్నం గోదాము నీడలో హమాలీలు కాఫీకి కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. బుసైనాకు తెలుసన్న ముక్క ఒక్కటి తప్ప అన్నీ చెప్పాను. క్రేన్, మూడు గిన్నెలు, "లేదు" అన్న మాట. ఒక్కడూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

తాహిర్ కూజా ఎత్తి వరసగా పోసుకుంటూ వచ్చాడు. నా గిన్నె దగ్గర చెయ్యి ఆపాడు.

"పోయనా మామా, ఉపవాసమా?"