ఒంటికాలి లోయరు

మదనపల్లెలో కాపురముంటూ మదనపడకపోతే ఊరి పేరుకు అవమానం అనుకున్నాడో ఏమో, లక్ష్మీపతి ఆ డిసెంబరంతా తన బుల్లెట్టు ముందు నిలబడి మదనపడుతూనే ఉన్నాడు. బండికి లోయర్లు పెట్టించాలా, వద్దా?

లోయర్లంటే మరేం కాదు. ఇంజను ముందున్న లెగ్ గార్డుకు చెరో పక్కా బిగించే ఫైబరు రెక్కలు. ఎదురుగాలి మోకాళ్లకు తగలకుండా అడ్డం నిలుస్తాయి. లక్ష్మీపతికి కుప్పంలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం. సోమవారం తెల్లారకముందే బయలుదేరి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరతాడు. శనివారం సాయంత్రం అదే దారిన ఇల్లు పడతాడు. ఏళ్ల తరబడి గాలిని మోకాళ్లతో చీల్చుకుంటూ పోయాడు. ఇప్పుడా గాలి మోకాళ్లను చీలుస్తోంది. లోకానికి అది చలికాలం, అతనికి చలి కాలు. బండికున్నది ఒకటే కీ గానీ, అది తిప్పగానే ఒంట్లో కీళ్లన్నీ పలికేవి. పోయిన సోమవారమైతే కుప్పంలో స్టాండు వేయబోయి అక్కడే కుప్పకూలాడు.

ఆ సంగతి విన్నాక భార్య అనిత తీర్పు చెప్పేసింది.

"మోకాలికి సలిగాలి తగలకూడదని డాక్టరు చెప్పినాడు గదా. అడ్డమన్నా పెట్టించు, లేదంటే బండి అమ్మేసి బస్సులో పో."

"లోయర్లు పెట్టిస్తాలే."

"లాయర్లా? బండి అమ్మమంటే విడాకుల దాకా పోతాండావే."

లక్ష్మీపతి నవ్వాడు గానీ, ఆ నవ్వు మోకాళ్ల దాకా దిగలేదు. బస్సంటే అతనికి ద్వేషమేమీ లేదు. బస్సులో సీటుంటుంది, ఆ దారిలో అతనికున్న స్థానం మాత్రం ఉండదు.

ఆ దారి పద్ధతి ఒకటుంది. పెట్రోలు అయిపోయి ఎవరి బండన్నా ఆగితే, వెనక వచ్చేవాడు పక్కకు వచ్చి, ఎడమ కాలు చాపి, ఆగిన బండి ఫుట్‌రెస్టు మీద పెట్టి బంకు దాకా తోసుకుంటూ పోతాడు. కుడి కాలికి బ్రేకు పని ఉంటుంది కాబట్టి ఎడమ కాలే రావాలి. పేరడిగేది లేదు, మెప్పు కోరేది లేదు. ఎడమ కాలితో చేసే పనుల్లో గౌరవమైనది అదొక్కటేనని లక్ష్మీపతి అంటుండేవాడు. పాదంతో సంపాదించిన పదవి కదా, వదులుకోవడం కష్టం.

పుంగనూరు ఇమ్తియాజ్‌తో స్నేహం కూడా అలా మొదలైందే. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో పెట్రోలు చూసుకోకుండా వచ్చి నడిరోడ్డు మీద నిలబడితే, వెనక నుంచి వచ్చి కాలు పెట్టింది ఇమ్తియాజే. ఇప్పుడతనికి ఫైబరు పనుల షాపుంది. లోయర్ల మాటెత్తగానే, చేతులు తుడుచుకుంటూ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"చేస్తా అన్నా. ఎండాకాలం మాత్రం ఊడదీసి పెట్టుకో, ఇంజను వేడంతా కాళ్ల మీదకే వస్తాది. ముందు ఒక వారం ఇది కట్టుకోని తిరుగు, బాగుంటే అచ్చు పోస్తా" అని ఒక పాత పెళ్లి ఫ్లెక్సీని రెండు ముక్కలు చేసి, అట్టలకు చుట్టి, లెగ్ గార్డుకు బిగించి కట్టాడు. కుడి పక్క పెళ్లికొడుకు, ఎడమ పక్క పెళ్లికూతురు.

"భాయ్, వీళ్లను యాల విడదీసినావు?"

"మధ్యలో ఇంజనుండాదిలే అన్నా. ఏ సంసారంలో లేదు?"

సోమవారం తెల్లవారుజామున బయలుదేరిన లక్ష్మీపతికి పుంగనూరు దాటేసరికి కొత్త సుఖం తెలిసింది. గాలి చెవుల దగ్గర గోల చేస్తోంది, మోకాళ్ల దగ్గరికి మాత్రం రావడం లేదు. ఇంజను వెచ్చదనం పిక్కల మీదుగా పాకుతోంది. ఇన్నేళ్లూ ఎందుకు ఓర్చుకున్నానా అనిపించింది. పెట్టించేద్దామని నిర్ణయించేసుకున్నాడు.

పలమనేరు దాటాక తెల్లారింది. రోడ్డు పక్కన ఒక మోపెడ్డు ఆగి ఉంది. వెనక టమేటా క్రేట్లు, పక్కన తలకు మఫ్లరు చుట్టుకున్న ఒక నడివయసు ఆడమనిషి. వి.కోట మార్కెట్టుకు పోవాలి కాబోలు.

"అప్పా, పెట్రోలు అయిపోయిండాది. రోంత కాలు పెట్టప్పా."

ఆమె బండెక్కి కూర్చుంది. లక్ష్మీపతి అలవాటుగా పక్కకు వచ్చి ఎడమ కాలు చాపాడు. కాలు పెళ్లికూతురికి తగిలి ఆగిపోయింది. మళ్లీ చాపాడు. ఫ్లెక్సీ లోపలే కొట్టుకుంది, బయటికి రాలేదు. బండి అటూ ఇటూ ఊగింది. ఆ ఊగులాటలో ఆమెను దాటిపోయాడు.

ఆగి అట్ట విప్పొచ్చు. ముడులు గట్టివి, చేతులు కొంకర్లు పోయాయి, కాలేజీకి టైమవుతోంది. వెనక ఎవరో ఒకరు రాకపోతారా అనుకున్నాడు. మోకాళ్లు వెచ్చగానే ఉన్నాయి. ఆ వెచ్చదనమే ఉన్నట్టుండి ఇబ్బందిగా తోచింది. ఈ దారిలో కాలు అడిగిన మనిషిని దాటిపోవడం ఇదే మొదలు. కొంత దూరం పోయి, తిట్టుకుంటూ బండి వెనక్కి తిప్పాడు.

మలుపు దగ్గరే ఎదురొచ్చారు. ఒక పెద్దాయన, లుంగీ మడిచి కట్టుకుని, పాత బండి మీద ఆమెను తోసుకుంటూ వస్తున్నాడు. చాపిన ఎడమ కాలు మోకాలి దాకా ఉత్తది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. లక్ష్మీపతి బండి నెమ్మది చేశాడు. ఆమె అతన్ని గుర్తుపట్టింది. కోపంగా కాదు, ఉన్నమాటలాగా పెద్దాయనతో అంది:

"ఈయప్పను అడిగినాలేప్పా. కాళ్లు కప్పుకోని పోయినాడు."

పెద్దాయన తలెత్తి పెళ్లికూతురిని, ఆ తర్వాత లక్ష్మీపతిని చూశాడు.

"పోనీలేమ్మా, ఆయప్పకు ఏం నొప్పుండాదో" అని తోసుకుంటూ పోయాడు.

నొప్పి నిజంగానే ఉంది. కానీ ఆ మాట ఆయన నోట విన్నాక అది సాకులాగా వినిపించింది.

శనివారం ఇమ్తియాజ్ అచ్చుకు కొలతలు తీస్తుంటే లక్ష్మీపతి అడ్డుపడ్డాడు.

"కుడిపక్కది ఒకటి చాలు భాయ్."

"ఒకటేనా? గాలికి బండి ఒక పక్కకు గుంజుతాది అన్నా. సూసేదానికి కూడా బాగుండదు."

"గుంజితే నేను పట్టుకుంటాలే. ఎడమ కాలు బయటికి రావల్ల."

ఇమ్తియాజ్ టేపు పక్కన పెట్టాడు. ఎడమ పక్కనున్న పెళ్లికూతురిని విప్పి మడిచి మూలన పెట్టాడు. అచ్చు తయారయ్యేదాకా కుడి పక్కన పెళ్లికొడుకు ఉండిపోయాడు.

ఇంటికొచ్చిన బండిని అనిత చుట్టూ తిరిగి చూసింది.

"రెండోది యాడ?"

"తీసేయించినా."

"నొప్పి రెండిటికీ ఉండాదే. ఎడమది ఇంకా జాస్తి గదా?"

"ఆ కాలును ఎవురన్నా పిలుస్తారు అనితా. పిలిస్తే పోవల్ల."

ఆమెకు కోపం వచ్చింది. చేతిలోని గిన్నె పెట్టిన చప్పుడులోనే అది తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం, అతని పాత స్వెట్టరు ఎడమ చేయి కత్తిరించి, రెండు కొసలూ మడిచి కుట్టి అతని ముందు పడేసింది.

"తొడుక్కో. దాంతో అయితే కాలు చాపొచ్చు."

సోమవారం పుంగనూరు దాటేసరికి కుడి మోకాలు వెచ్చగా ఉంది. ఎడమ మోకాలి మీద ఉన్ని లోంచి గాలి సన్నగా దూరుతోంది, నొప్పి మెల్లగా మొదలైంది. బండి ఇమ్తియాజ్ చెప్పినట్టే ఒక పక్కకు లాగుతోంది. లక్ష్మీపతి హ్యాండిలు బిగించి పట్టుకున్నాడు. పలమనేరు దాటింది. పోయిన వారం మోపెడ్డు ఆగిన చోట ఎవరూ లేరు. మలుపులోనూ ఎవరూ లేరు. రోడ్డంతా అందరి బండ్లూ చక్కగా పోతున్నాయి. ఎవరికైనా పెట్రోలు అయిపోకూడదా అని ఒక్క క్షణం అనిపించి, సిగ్గుపడి, అయినా రోడ్డు పక్కలు చూసుకుంటూనే పోయాడు.