ఊడ్చిన వార్డు

మునిసిపల్ చైర్మన్ వస్తున్నాడని తెలిసిన పొద్దున, కాన్పుల ఆసుపత్రిలోంచి బాలింతలను పెరట్లోకి తరలించింది ఏ శత్రువులూ కాదు. అక్కడ పనిచేసే ఆయాలే. పెద్దవాళ్లు వస్తున్నారంటే ఎక్కడి సామాను అక్కడ దాచి ఇల్లు అద్దంలా ఉంచే మనుషులు వాళ్లు. పైకప్పు కారేచోట పెట్టిన బకెట్లు తీసేశారు, దుప్పట్లు మార్చారు, నేలంతా ఫినాయిలుతో తుడిచారు. పచ్చి ఒంటి ఆడవాళ్లు పసిగుడ్లను ఒళ్లో పెట్టుకుని నీళ్ల ట్యాంకు వెనక ఎండలో కూర్చున్నారు.

"కాసేపు ఓర్చుకోండమ్మా. వార్డు బాగుందనిపించుకుంటే రిపేరు చేయిస్తారు," అని ఆయాలందరికీ పెద్ద అయిన పెద్దాయా అందరినీ బతిమాలింది. ఆమె కూతురికీ నెలలు నిండాయి. ఆ కూతురిని కన్నది ఈ వార్డులోనే. మనవడో మనవరాలో ఇక్కడే పుట్టాలని ఆమె ఆశ.

చైర్మన్ వచ్చాడు. వెంట వచ్చిన ఇంజినీరు ఖాళీ మంచాలకు ఫొటోలు తీసుకున్నాడు. ఇద్దరూ చక్కా పోయారు.

కౌన్సిల్ సమావేశంలో తెర కట్టి ఆ ఫొటోలే చూపించారు.

"పాత బిల్డింగు, గోడలన్నీ బీటలు. పైగా చూడండి, ఒక్క పేషెంటూ లేదు," అన్నాడు చైర్మన్. "కూల్చేసి షాపింగ్ కాంప్లెక్సు కడదాం. కాన్పులకి పెద్దాసుపత్రి ఉండనే ఉంది."

వెనక బెంచీలోంచి పెద్దాయా లేచింది. "అవి ఖాళీ మంచాలు కావు సార్! మీరొస్తున్నారని మేమే అందర్నీ బయటికి పంపాం!"

"అంటే మమ్మల్ని మోసం చేశారన్నమాట," అన్నాడు ఇంజినీరు. సభ్యులు నవ్వారు. నవ్వుతూనే చేతులెత్తారు. పేదల ఆసుపత్రి పోవడానికి ఆమాత్రం చాలు.

వారం తిరక్కుండానే గేటుకు తాళం పడింది. ఆ తర్వాతే పెద్దాయా కూతురికి నొప్పులు మొదలయ్యాయి. పెద్దాసుపత్రి ఊరికి ఆ చివర, రైలు గేటు అవతల ఉంది. ఆటో వెళ్లేసరికి గేటు వేసి ఉంది. గూడ్సు బండి ఎంతకీ తరగలేదు.

"వెనక్కి పోదామే అమ్మా. మన వార్డుకే పోదాం," అంది కూతురు.

ఊళ్లో సగం మందికి పురుడు పోసిన చేతులు ఆ ఆటోలో సొంత బిడ్డ నెత్తురు ఆపలేకపోయాయి. పాప దక్కింది. తల్లి దక్కలేదు.

పలకరించడానికి వీధంతా వచ్చింది. "నా చేతులతోనే వార్డు ఖాళీ చేశాను. నా బిడ్డని నేనే పొట్టన పెట్టుకున్నాను," అని పెద్దాయా గుండెలు బాదుకుంది.

వార్డు ఊడ్చే ఆమె పక్కన కూలబడింది. "నీ ఒక్కదాని చేతులేనా వదినా? చీపురు పట్టింది నేను కాదూ? మన బాధంతా పెరట్లో దాచి, వాళ్లకి అందం చూపించాం. ఇక దాచొద్దు. మళ్లీ లోపలికి పోదాం."

"ఆ కూలిపోయే కప్పు కిందా? పిల్లలతోనా? కేసులు పెడతారు," అంది మిల్లులో పనిచేసే ఒక గర్భిణి.

"కప్పు బాగుచెయ్యమనే కదమ్మా అడిగేది," అంది పెద్దాయా, కళ్లు తుడుచుకోకుండానే. "ఆటోలో చావడం నేను చూశాను. నువ్వు చూడొద్దు."

తాళం పగలగొట్టిన రోజు అందరికన్నా ముందు ఆ మిల్లు పిల్లే నిలబడింది.

గోడలు కూల్చే పొక్లెయిన్ వచ్చేసరికి వార్డు కిక్కిరిసి ఉంది. కిటికీ ఊచల నిండా తడి గుడ్డలు, కారేచోటల్లా బకెట్లు, పిల్లల ఏడుపులు. బయట మగవాళ్లు చేయీ చేయీ పట్టుకుని గోడ చుట్టూ నిలబడ్డారు.

"చైర్మన్‌గారు వస్తున్నారు! ముందు ఇదంతా ఊడ్చి ఖాళీ చెయ్యండి!" అని ఇంజినీరు కేకలేశాడు.

ఊడ్చే ఆమె అలవాటుకొద్దీ చీపురు అందుకోబోయింది. పెద్దాయా మనవరాలితో మంచం మీంచి లేచి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఈసారి ఊడవం సార్. రమ్మనండి. ఉన్నదున్నట్టు చూడమనండి."

ఇంజినీరు వెంట వచ్చిన పోలీసులు పెద్దాయా రెక్క పట్టుకున్నారు. మనవరాలిని పక్క మంచం మీది బాలింతకు అందించి, పాప రొమ్ము అందుకునేదాకా ఆగి, అప్పుడు నడిచింది. వ్యాను ఎక్కుతూ వార్డు కిటికీలోంచి లోపలికి చూసింది. ఆమె లేచిన మంచం మీద మిల్లు పిల్ల అప్పటికే పడుకుని ఉంది.